పొట్లం మీద నక్షత్రాలా, నల్ల ముద్రా: పిల్లల ఊబకాయానికి ఏది అడ్డుకట్ట?

మా వీధి చివర ఒక హైస్కూలు ఉంది. సాయంత్రం బెల్లు కొట్టగానే గేటు ఎదురుగా ఉన్న కొట్టు దగ్గర పిల్లలు మూగుతారు. అక్కడ చిప్స్ ప్యాకెట్లు పైనుంచి కిందిదాకా దండల్లా వేలాడుతుంటాయి. మొన్న ఒక నాయనమ్మ మనవణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చింది. వాడు పది రూపాయల ప్యాకెట్ చూపించి "నాయనమ్మా, ఇది కావాలి" అన్నాడు. ఆవిడ దాన్ని అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి ఒక్కదానికోసమే వెతికింది. పచ్చ చుక్క. అది కనబడగానే "గుడ్డూ గిడ్డూ ఏం లేదులే, తిను నాన్నా" అని వాడి చేతిలో పెట్టింది.

వెనకవైపు పోషకాల పట్టిక లేకపోలేదు. చీమతలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో ఉంది. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే మన చట్టానికి చాలు, తెలుగు ఉండి తీరాలన్న నియమం లేదు. ఇరవై ఏళ్ళకు పైగా చూస్తూ వచ్చిన పచ్చ చుక్క మాత్రం ఆవిడకి చదవడం వచ్చు. అందుకే చక్కెర, ఉప్పు ఎక్కువున్నాయని చెప్పడానికి ఆ చుక్క పక్కన నక్షత్రాలు ఉండాలా, నల్ల ముద్ర ఉండాలా అన్న చర్చ నాకు పెద్ద విషయంగానే తోస్తుంది.

పిల్లవాడు బొద్దుగా ఉంటే ముద్దు చేసి, సన్నగా ఉంటే "ఏం పెట్టట్లేదా?" అని అడిగే అలవాటు మనది. ఆకలి చూసిన ఇళ్ళలో అది తప్పు కూడా కాదు. కానీ కాలం మారింది. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో తక్కువ బరువున్నవాళ్ళు 9.2 శాతమైతే ఊబకాయులు 9.4 శాతానికి చేరారని 2025లో యునిసెఫ్ చెప్పింది. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లోనే అధిక బరువున్నవాళ్ళు 2015-16లో 2.1 శాతం ఉంటే, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 3.4 శాతమయ్యారు.

ముందు నక్షత్రాల సంగతి. 2022లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన ముసాయిదాలో ఉన్నది ఇదే. ప్యాకెట్ ముందువైపు అర నక్షత్రం నుంచి ఐదు దాకా, ఎన్ని ఎక్కువుంటే సరుకు అంత మంచిదని. మొదటి నాలుగేళ్ళు వేసుకోవడం మానుకోవడం కంపెనీ ఇష్టం. 2014 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో నడుస్తున్నది దాదాపు ఈ పద్ధతే. ఇందులో మంచిని, చెడును ఒకే తక్కెడలో తూస్తారు. పీచో ప్రొటీనో ఉన్నందుకు కలిసే మార్కులు, చక్కెరకు పోయిన మార్కులను కొంత పూడుస్తాయి. ఆస్ట్రేలియాలో పాలలో కలుపుకునే మైలో అనే చాక్లెట్ పొడి డబ్బా మీద నాలుగున్నర నక్షత్రాలు వేశారు. ఆ లెక్క పొడికి కాదు, వెన్న తీసిన పాలలో కలిపాక వచ్చేదానికి. పొడిని పొడిగా తూస్తే ఒకటిన్నరే. గొడవయ్యాక 2018లో దాని కంపెనీ నెస్లే ఆ నక్షత్రాలు తీసేసింది. పాలగ్లాసులో రెండు చెంచాల పొడి కలిపి "బలం" అని తాగించే ఇళ్ళు మనకెన్నో. అటువంటి డబ్బా మీద నాలుగు నక్షత్రాలు కనబడితే ఇంకో చెంచా ఎక్కువే పడుతుంది. నక్షత్రం ఎప్పుడూ మెచ్చుకోలే. ఒక్క నక్షత్రం ఉన్నా "పర్లేదు, ఒకటైనా వచ్చిందిగా" అనిపిస్తుంది.

రెండోది చిలీ దేశపు దారి. 2016 జూన్ నుంచి అక్కడ హద్దు దాటిన ప్రతి ప్యాకెట్ ముఖం మీద ఎనిమిది పలకల నల్ల ముద్ర ఉంటుంది, "చక్కెర ఎక్కువ", "సోడియం ఎక్కువ" అని. సోడియం అంటే ఉప్పులో ఉండేదే. మెచ్చుకోలూ లేదు, సగటు లెక్కా లేదు. దశలవారీగా బిగిస్తూ 2019కి తెచ్చిన హద్దు ప్రకారం, ఘనపదార్థమైతే 100 గ్రాములకు 10 గ్రాముల చక్కెర, 400 మిల్లీగ్రాముల సోడియం, 275 కేలరీలు. ద్రవమైతే 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల చక్కెర. మామూలు కోలాలో దీనికి రెట్టింపు ఉంటుంది.

ముద్ర అసలు బలం నలుపులో లేదు, ఆ హద్దు గీతలో ఉంది. ముద్ర పడిన సరుకు చిలీలో బళ్ళో అమ్మకూడదు, 14 ఏళ్ళలోపు పిల్లలకు దాని ప్రకటన చూపించకూడదు, ప్యాకెట్ మీద కార్టూన్ బొమ్మ వేయకూడదు, బొమ్మ ఎర వేసి అమ్మకూడదు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల మీది పులి అక్కడ మాయమైంది అందుకే. ఒకే కొలత నాలుగు పనులకు పనికొచ్చింది. ఏడాదిన్నరలో ముద్ర పడే తీపి పానీయాల కొనుగోలు దాదాపు 24 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. పిల్లల ఊబకాయం మాత్రం ముద్ర వేసినంత మాత్రాన పడిపోలేదు. ఆ మాట దాచి ముద్రను పొగడటం నాకు ఇష్టం లేదు.

మన దగ్గర ఆ గీతే లేదు. బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్లలోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. "ఎక్కువ" అంటే ఎంత? వర్ణన ఉంది గానీ గ్రాముల్లో అంకె లేదు. హెడ్మాస్టరు కొట్టతనితో ఏం చూపించి వాదించాలి? ముద్ర ఉంటే వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.

"మరి మన ఆవకాయ మీద కూడా నల్ల ముద్ర వేస్తారా?" అని అడుగుతారు. వేయాల్సిందే, ప్యాకెట్లో అమ్మితే. ఆవకాయలో ఉప్పు ఎక్కువని మనకు తెలియనిదా? అన్నం కలుపుకుని తినేదాన్ని సీసాడు ఖాళీ చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఆంధ్రాలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే పల్లీ చిక్కీని కొలిచినా చక్కెర ముద్రే వస్తుంది, బెల్లం కూడా చక్కెర లెక్కే. కానీ దాన్ని ఇచ్చిన రోజు ఒక్క ముక్కే చేతికిస్తారు, దండలు కట్టి అమ్మరు. చిలీలో ఈ హద్దులు చక్కెర, ఉప్పు, కొవ్వు విడిగా కలిపిన సరుకుకే వర్తిస్తాయి. ఉత్త పాలకూ, పళ్ళకూ, వేయించిన పల్లీలకూ భయం లేదు.

ఇక పన్ను. ధర పెంచి కొననివ్వకుండా చేయడం. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో వేస్తే రెండో ఏడాదికి కొనుగోళ్ళు పది శాతం దాకా తగ్గాయి. బ్రిటన్ ఇంకా తెలివిగా చేసింది. 2018 ఏప్రిల్ నుంచి 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాములు చేరితే ఒక రేటు, 8 చేరితే ఇంకా ఎక్కువ రేటు. కంపెనీలు పన్ను కట్టే బదులు చక్కెర తగ్గించాయి. 10-11 ఏళ్ళ అమ్మాయిల్లో ఊబకాయం, ఆ పన్ను లేకపోతే ఉండేదానికన్నా 8 శాతం తక్కువగా నమోదైందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. అబ్బాయిల్లో తేడా కనబడలేదు.

మనకూ పన్ను ఉంది, చక్కెర మీద కాదు. గ్యాసు ఉన్న కూల్‌డ్రింకుకు 40 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు నుంచి గ్యాసు లేని పళ్ళరసం పానీయాలకు, బిస్కెట్లకు, చాక్లెట్లకు, మిక్చర్ ప్యాకెట్లకు 5 శాతమే. పిల్లల చేతుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే కదా! పైగా ఐదు, పది రూపాయల ప్యాకెట్ ధర మారదు, లోపల గ్రాములు మారతాయి. అందుకని గ్రాముల లెక్కన వేస్తే తప్ప మన దగ్గర పన్ను పిల్లవాడి దాకా చేరదు. ఆ గ్రాముల హద్దు కూడా ముద్రదే అయితే రెండూ కలిసి పనిచేస్తాయి.

కాబట్టి నా ఓటు నల్ల ముద్రకే, పక్కనే ఒక తెలుగు మాటతో. బండి మీది పునుగులకూ, బేకరీ కర్రీపఫ్‌కూ ఏ ముద్రా అంటదు, నిజమే. ఆటస్థలం లేకుండా మూడంతస్తుల్లో నడిచే బళ్ళకు కూడా ఇది మందు కాదు. వాటి మీద వేరే కొట్లాడాలి.

నిన్న సాయంత్రం గేటు దగ్గర నుంచి ఆ కొట్టు దాకా అడుగులు లెక్కపెట్టాను. పద్దెనిమిది. కొట్టతన్ని అడిగితే "ఏది అమ్మకూడదో రాసివ్వండమ్మా, తీసేస్తా" అన్నాడు. రాసివ్వడానికి నా దగ్గర కాగితం ఉంది, రాయాల్సిన అంకె లేదు.