మెడ నొప్పి పుట్టించిన దిల్వారా

గుడి అంటే దూరం నుంచే గోపురం కనపడాలనుకునే మనకి రాజస్థాన్‌లో మౌంట్ ఆబూ కొండ మీదున్న దిల్వారా జైన గుళ్ళు మొదట్లో కాస్త నిరాశే. వెల్ల వేసినట్టున్న గోడలు, పొట్టి శిఖరాలు. "దీనికోసమా ఇంత దూరం!" అంది మా ఆవిడ. చెప్పులు, ఫోన్లు, తోలు బెల్టు బయట వదిలి లోపలికెళ్ళి అక్కడి విమల వసహి అనే గుడి రంగమండపం కింద నిలబడి తల పైకెత్తాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

అహ్మదాబాద్ నుంచి కొండ కింది ఆబూ రోడ్డు స్టేషన్‌కి రైల్లో నాలుగు గంటలు పట్టింది. స్టేషన్ దగ్గర రబ్డీ (పాలు మరగకాచి చేసే మిఠాయి) తిన్నాం, వదలకండి. అక్కడి నుంచి మౌంట్ ఆబూ ఊరికి ట్యాక్సీలో సుమారు 28 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. జైనులు కానివాళ్ళని మధ్యాహ్నం పన్నెండు తర్వాతే లోపలికి పంపుతారు. మా హోటల్ వాళ్ళు పొద్దున్నే వెళ్ళమన్నారు, ఆ మాట నమ్మి మూడు గంటలు గేటు బయట ఎండలో కూర్చున్నాం. గదిలో వేడినీళ్ళు కూడా అడిగితేనే వచ్చేవి. ఊళ్ళోని నక్కీ చెరువు పక్కన బస అని ఎక్కువ ఇచ్చుకున్నాం, అది దండగ. గుడి ఊరికి రెండున్నర కిలోమీటర్లే, ఎక్కడ దిగినా ఒకటే.

ఆవరణలో ఐదు గుళ్ళున్నా టైమంతా రెంటికే పెట్టండి. సోలంకి రాజు భీముడి దగ్గర దండనాయకుడైన విమల్ షా 1031లో జైన తీర్థంకరుడు ఆదినాథుడికి కట్టించిన విమల వసహి మొదటిది. పన్నెండు స్తంభాలు, వాటి మధ్య అలల్లాంటి తోరణాలు, పైన వలయం మీద వలయం ఒక్కొక్కటీ కొంచెం లోపలికి జరుపుతూ పేర్చిన కప్పు, దాని చుట్టూ పదహారు మంది విద్యాదేవతలు. ఇంత బరువున్న రాయి అంత తేలిగ్గా ఎలా వేలాడుతోందా అని మెడ పట్టేసేదాకా చూశాను.

రెండోది లూణ వసహి. వస్తుపాల, తేజపాల అనే మంత్రులు చనిపోయిన అన్న లూణిగుడి పేరు మీద మరో తీర్థంకరుడు నేమినాథుడికి 1230 ప్రాంతంలో కట్టించారు, శిల్పి శోభనదేవుడు. కప్పు మధ్యలోంచి దిగే పాలరాతి తామర రేకులు ఎంత పల్చనంటే వాటిలోంచి వెలుతురు కనిపిస్తుంది. ఉలితో కొట్టకుండా రాతిని అరగదీసి చేశారనీ, రాలిన పొడిని తూచి కూలి ఇచ్చారనీ చెప్పుకుంటారు. కూలి సంగతి కథే కావచ్చు గానీ, ఆ పువ్వు చూశాక అరగదీయడం మాత్రం నమ్మబుద్ధేసింది.

గర్భగుడి ద్వారానికి అటూ ఇటూ రెండు గూళ్ళున్నాయి, వాటిని దేరాణీ జేఠాణీ గూళ్ళంటారు, అంటే మన తోడికోడళ్ళవి. ఇద్దరూ పంతానికి పోయి చెక్కించుకున్నారని గుడి చూపిస్తూ మాతో వచ్చినాయన చెప్తుంటే అందరూ నవ్వారు. నిజానికి అక్కడి శాసనం ప్రకారం రెండూ తేజపాలుడు తన భార్య సుహడాదేవి పుణ్యం కోసం చేయించినవే. ఆ చూపించేాయన గుంపుని గబగబా తోలుకుపోతాడు, మీరు మెల్లగా వెనకబడిపోండి, ఎవరూ ఏమీ అనరు. ప్రవేశానికి టికెట్ లేదు కాబట్టి మర్నాడు మళ్ళీ వెళ్ళాం.

హనుమకొండ వాణ్ణి కదా, రామప్ప గుర్తు రాకుండా ఉంటుందా. దాని శాసనం 1213 నాటిది, అంటే లూణ వసహి కంటే పదిహేడేళ్ళు ముందు. మనవాళ్ళు నల్లరాతిని అద్దంలా నునుపు తేల్చుతున్న రోజుల్లోనే వీళ్ళు తెల్లరాతిని మైనంలా వాడుకున్నారు. రామప్ప మదనికల (స్తంభాల పైన ఒరిగి నిలబడ్డ ఆడవాళ్ళ బొమ్మలు) వంపు ముందు ఇక్కడి బొమ్మలు కొంచెం బిగుసుకున్నట్టే అనిపించాయి, నా పక్షపాతం ఉంటే ఉండనీండి. పూలూ లతల్లో మాత్రం వీళ్ళదే పైచేయి.

మౌంట్ ఆబూ నుంచి కారులో రాజస్థాన్‌లోనే ఉన్న రణక్‌పూర్ వెళ్ళాం. మేవాడ్ రాజు రాణా కుంభా కాలంలో ధరణా షా కట్టించిన నాలుగు ముఖాల జైన గుడి, 1444 స్తంభాలంటారు, నేను లెక్కపెట్టలేదు. చెక్కుడు దిల్వారా అంత సన్నం కాదు, కానీ గాలీ వెలుతురూ ధారాళంగా ఆడతాయి, ఎండ జరిగే కొద్దీ స్తంభాల రంగు మారుతుంటే అక్కడే చతికిలబడి కూర్చోవచ్చు. రుసుము కడితే ఫొటోలు తీసుకోనిస్తారు. రెండు వందలు తీశాను, ఒక్కటీ సరిగ్గా రాలేదు. భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి లేని పప్పూ రొట్టే తక్కువ ఖర్చులో పెట్టారు, హోటల్ తిండి కంటే నయం.

తిరుగు రైల్లో మా ఆవిడ ఒకటే దెప్పుడు: ఆలేరు పక్కనే కొలనుపాక జైన మందిరం ఉంటే, హైదరాబాద్ వెళ్ళిన ప్రతిసారీ దాని బోర్డు చూస్తూ దాటిపోతాం, ఒక్కసారైనా బండి తిప్పావా అని.