ఎక్కడమే తప్ప దిగడం తెలియని కేర్ ఛార్జీ: రాజమండ్రి సీనియర్ హోమ్, మూడేళ్ల తర్వాత

గది ఎంత పెద్దది, లిఫ్ట్ ఉందా, గోదావరి కనిపిస్తుందా లాంటివన్నీ బ్రోషర్లోనే ఉంటాయి. వాటి జోలికి పోను. నేను రాస్తున్నది ఒక్క విషయం కోసం. అమ్మ ఉంటున్న ప్రైవేటు సీనియర్ హోమ్‌లో 'కేర్ లెవెల్' అని ఒక శ్లాబు పద్ధతి ఉంది. తమ పనులు తాము చేసుకునేవాళ్లకు ఒక రేటు, ప్రతిదానికీ మనిషి సాయం కావాల్సినవాళ్లకు ఇంకో రేటు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే ఆ రేటు ఎక్కడానికి ఒక్క రాత్రి చాలు, దించాలంటే మాత్రం నెలల తరబడి వాదించాలి. నేను వాదించాను. సగమే దిగింది.

అమ్మకు 78 ఏళ్లు, నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అన్నయ్య అమెరికాలో, నేను హైదరాబాద్‌లో. నా దగ్గరికి వచ్చేయమంటే "అక్కడ ఎవరితో మాట్లాడనే, గోడలతోనా?" అంది. అందుకని ఊళ్లోనే చూశాం. చేరినప్పుడు నెలకు 24,000. దానిమీద 18 శాతం జీఎస్టీ పడితే చేతిలోంచి పోయేది 28,320. ధర్మసంస్థలుగా ఆదాయపు పన్ను శాఖలో నమోదైన వృద్ధాశ్రమాలకైతే, 60 దాటినవాళ్ల దగ్గర నెలకు 25,000 దాకా తీసుకునే ఛార్జీపై జీఎస్టీ ఉండదు. ప్రైవేటు హోమ్‌కు ఆ మినహాయింపు లేదు. ఈ సంగతి బ్రోషర్లో ఉండదు, మొదటి బిల్లులో ఉంటుంది.

పోయినేడు కార్తీక మాసంలో అమ్మ, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయాలని ఎవరికీ చెప్పకుండా లేచి, బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆ రాత్రి హోమ్ వాళ్లు చేసింది తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది. డ్యూటీలో ఉన్న ఆయమ్మ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. కంగారులో లేపి కూర్చోబెట్టలేదు. తల కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి, 108కి ఫోన్ చేయించింది. నేను రైలు దిగేసరికి అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉంది, ఆయమ్మ ఇంకా పక్కనే ఉంది. ఆపరేషన్ పెన్షనర్ల హెల్త్ కార్డు మీద జరిగిపోయింది. అసలు ఖర్చు డిశ్చార్జి తర్వాత మొదలవుతుంది. హెల్త్ కార్డైనా, 70 దాటిన అందరికీ 5 లక్షల దాకా కేంద్రం ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డైనా ఆసుపత్రి గుమ్మం వరకే. ఆ తర్వాత నెలల తరబడి చేసే చాకిరీకి డబ్బిచ్చే కార్డు ఏదీ లేదు.

తిరిగి వచ్చాక అమ్మను 'ఫుల్ కేర్'లోకి మార్చారు. 36,000, జీఎస్టీతో 42,480. డయాపర్లు, ఫిజియో విడిగా. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ మంచం దిగని రోజులవి. ఆ డబ్బు ఇవ్వడానికి నాకు రవ్వంత బాధ లేదు.

తర్వాత జరిగిందే చిత్రం. ఫిజియో వచ్చి అరగంట చేయించి వెళ్లేవాడు, మిగతా రోజంతా ఆ ఆయమ్మే. అన్నం తినిపించమంటే తినిపించదు. "మీ చేతులకేమైందమ్మా, తుంటికి కదా దెబ్బ" అనేది. వాకర్ ఇచ్చి, ముందు కిటికీ దాకా, తర్వాత వరండా దాకా, శివరాత్రి నాటికి డైనింగ్ హాలు దాకా నడిపించింది. డయాపర్లు పోయాయి. బట్టలు తనే కట్టుకుంటోంది. స్నానానికి ఒక్కదానికే పక్కన మనిషి ఉండాలి. బిల్లు మాత్రం 42,480 దగ్గరే కూర్చుంది.

ఉగాదికి వెళ్లినప్పుడు అడిగాను. "మేడమ్, వయసు మీద పడేకొద్దీ అవసరం పెరుగుతుంది గానీ తగ్గదు కదా" అన్నాడు మేనేజరు. అమ్మ అప్పుడే వాకర్‌తో ఆఫీసు గది ముందు నుంచి వెళుతోంది. రిపోర్టు చూపించమంటే, హోమ్‌కు వారానికోసారి వచ్చే డాక్టరు సంతకంతో ఒక కాగితం తీశారు. దాంట్లో ఒకటే ముక్క: పడే ప్రమాదం ఎక్కువ. తుంటి ఆపరేషన్ అయిన మనిషికి ఆ ప్రమాదం బతికున్నంత కాలం ఉంటుంది. అంటే జీవితాంతం ఫుల్ కేరే. ఆయమ్మ అమ్మను మంచం మీంచి లేపి నడిపించింది, ఆఫీసు గది మాత్రం కాగితం మీద అమ్మను మంచంలోనే ఉంచింది.

నిజానికి దీనికి ఒక పద్ధతుంది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఈ ఆరింటిలో ఎన్ని సొంతంగా చేసుకోగలరో చూసి ఎంత సాయం కావాలో తేలుస్తారు. అమ్మ ఐదు చేసుకుంటుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ ఆరూ రాయించి తెచ్చాను.

ఈలోగా బంధువులందరూ సలహాలిచ్చారు. సగంమంది 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర కేసు వేయమన్నారు. అది పిల్లలు చూడకపోతే పెద్దవాళ్లు వెళ్లే దారి. ఈ లెక్కన నామీదే వేయాలి. పనికొచ్చింది ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 14567. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, డబ్బు పడదు. ఓపిగ్గా విని, ఏదైనా నోటితో కాకుండా రాతలో అడగమన్నారు, హోమ్‌లో కట్టిన డిపాజిట్ మీద గొడవ దాకా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉందన్నారు. రాతలో అడిగాను. అమ్మేమో "ఊరుకోవే, రేపు నాకు మంచినీళ్లు ఇవ్వాల్సింది వాళ్లే" అని ఒకటే టెన్షన్. ఆ భయమే ఈ హోమ్‌ల పెట్టుబడి అని నా అనుమానం.

శ్రావణంలో తగ్గించారు. పాత రేటుకు కాదు, అప్పటిదాకా లేని మధ్య శ్లాబు ఒకటి పుట్టించి 30,000 అన్నారు, జీఎస్టీతో 35,400. వెనకటి నెలలవి ఇవ్వలేదు.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌తో నడిపించేద్దాం అనుకునేవాళ్లకు ఒక లెక్క. పరిమితి 30 లక్షలూ పెట్టేసినా, 8.2 శాతం చొప్పున మూడు నెలలకు వచ్చే వడ్డీ 61,500. నెలకు 20,500. మేము చేరిన మొదటి రేటుకే అది చాలదు. మాకు పెన్షనూ, దానవాయిపేట ఇంటి అద్దే దన్ను.

మొదటి ఏడాది కనపడ్డవాళ్లందరికీ ఇక్కడి భోజనం గురించి చెప్పేదాన్ని. మధ్యాహ్నం ఇప్పటికీ బాగుంటుంది, పనసపొట్టు కూర రోజున అమ్మ ఫోన్ చేసి మరీ చెబుతుంది. రాత్రిళ్లు ఉప్మా వంతు పెరిగింది. ఇక ఆ ఆయమ్మ లేని షిఫ్టుల్లో బెల్ కొడితే ఎంతసేపటికి వస్తారనేది ఎవరున్నారన్న దాన్ని బట్టే.

అమ్మను అక్కడే ఉంచుతున్నాం. తన బుర్ర చురుగ్గా ఉంది, స్నేహితులు అక్కడే ఉన్నారు, మేమిద్దరం దూరం. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను ఎలా చూస్తారో నాకు అనుభవం లేదు. మీరు అదే ఊళ్లో ఉండి, పగలు ఒక మనిషిని పెట్టుకోగలిగితే ఇంట్లోనే చవక కావచ్చు. చేరేట్టయితే అగ్రిమెంటులో రేటు పెంచే షరతు పక్కనే తగ్గించే షరతు కూడా రాయించండి: ఎన్ని నెలలకోసారి చూస్తారు, ఏ డాక్టరు చూస్తాడు, తగ్గితే ఏ తేదీ నుంచి. మా అగ్రిమెంటు వచ్చే నెల రెన్యువల్‌కు వస్తుంది. ఆ మూడు లైన్లు టైపు చేయించి పంపాను, ఇంకా జవాబు రాలేదు.