రెండడుగుల పలక మీద పన్నెండు దళాల యుద్ధం: చాలాకాలం డీబీఏ ఆడాక నా సమీక్ష

హైదరాబాద్ ఫ్లాట్లలో బొమ్మల సైన్యాలతో యుద్ధాల ఆట ఆడాలంటే మొదట అడ్డొచ్చేది స్థలం. పెద్ద వార్‌గేమ్‌లకు ఆరడుగుల బల్ల కావాలి, ఒక్కో వైపు వందకు తగ్గకుండా బొమ్మలు కావాలి, ఆదివారం మొత్తం దానికే రాసివ్వాలి. మా కూకట్‌పల్లి ఇంట్లో అంత బల్ల పరిస్తే అందరం గోడ పట్టుకుని నడవాలి. డీబీఏ అనే ఈ వార్‌గేమ్‌కి రెండడుగుల చదరపు పలక చాలు. గంటలోపు ఆట అయిపోతుంది. ఆ సౌకర్యం కోసమే దీన్ని మొదలుపెట్టాను కానీ, ఇన్నాళ్లూ వదలకుండా ఆడుతున్నది మాత్రం ఆటలో సత్తా ఉండబట్టే.

పూర్తి పేరు డీ బెల్లిస్ ఆంటిక్విటాటిస్. ఫిల్ బార్కర్, మరి కొందరు కలిసి రాసిన ఈ నియమాలను 1990లో బ్రిటన్‌కు చెందిన వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ ప్రచురించింది. మేము ఆడేది 2014లో వచ్చిన 3.0 కూర్పు. క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 1500 దాకా ఉన్న సైన్యాలన్నీ ఇందులోకి వస్తాయి. ఏ సైన్యమైనా పన్నెండు దళాలే. 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడితే ఒక్కో దళానికి 40 మిల్లీమీటర్ల వెడల్పున్న బేస్ ఉంటుంది. దాని మీద ఒక ఏనుగో, మూడు గుర్రాలో, నలుగురు సైనికులో నిలబడతారు. అవతలివాళ్ల కంటే ఎక్కువ నష్టపోయి, ముందుగా నాలుగు దళాలు పోగొట్టుకున్నవాళ్లు ఓడినట్టు.

ఈ ఆటకు ప్రాణం ఆజ్ఞల పాచిక. మన వంతు రాగానే ఆరు ముఖాల పాచిక ఒకటి వేస్తాం. ఎంత పడితే అన్నే కదలికలు. పక్కపక్కన ఆనుకుని ఉన్న దళాలన్నీ ఒక వరుసగా కలిసి కదిలితే దానికి ఒక్క కదలికే ఖర్చు. వరుస చెదిరితే ఒక్కో ముక్కకు ఒక్కోటి ఇచ్చుకోవాలి. ఆట మొదట్లో అందరి వరుసలూ ముచ్చటగా ఉంటాయి కాబట్టి ఒకటి పడినా ఇబ్బంది లేదు. పోరు మొదలై సైన్యం నాలుగైదు ముక్కలయ్యాక ఒకటి పడితే అప్పుడు తెలుస్తుంది టెన్షన్ అంటే ఏమిటో. ఎడమ వైపు గుర్రాలను కాపాడుకోవాలా, మధ్యలో ఏనుగును ముందుకు తోయాలా? రెండూ కుదరవు. ఏనుగును విడిగా కదిపితే మళ్లీ ఒక కదలిక అదనంగా ఖర్చు. సేనానికి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి, అన్నిచోట్లకీ ఆజ్ఞ మాత్రం చేరదు. పెద్ద బల్ల మీద పెద్ద ఆటలూ ఆడాను కానీ, సైన్యం నడపడంలోని ఈ ఇబ్బందిని ఇంత తక్కువ సరంజామాతో చూపించిన ఆట నాకు ఇంకోటి తగల్లేదు.

పోరు లెక్క కూడా అంతే పొదుపు. మొన్నామధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావతో ఆడినప్పటి సంగతే చెబుతాను. నాది కాకతీయులను మనసులో పెట్టుకుని కూర్చుకున్న సైన్యం, బావది ఢిల్లీ సుల్తానుల సైన్యం. బావ సేనాని అశ్వికుడు. గుర్రానికి గుర్రంతో పోరులో బలం 3, సేనాని కాబట్టి ఇంకొకటి, మొత్తం 4. ఎదురుగా నా మామూలు గుర్రాల దళం, బలం 3. ఇద్దరం పాచికలు వేసి, పడ్డ అంకెను బలానికి కలిపాం. బావకు ఒకటి, నాకు ఆరు. 5కి 9. నాది ఎక్కువే కానీ రెట్టింపు కాలేదు. మామూలుగా అయితే సేనాని ఒక అడుగు వెనక్కి తగ్గి బతికిపోవాలి. కానీ పాచికలు వేయకముందే నేను ఇంకో దళాన్ని తెచ్చి పక్కన ఆనించి పెట్టాను. దానివల్ల బావ లెక్కలో ఒకటి తగ్గి 4కి 9 అయింది. రెట్టింపు దాటింది. సేనాని పోయాడు.

"ఆ పక్కది ఎప్పుడు తెచ్చావురా?" అన్నాడు బావ.

"నువ్వు నా ఏనుగు వంక చూస్తున్నప్పుడు, బావా."

పాచిక అదృష్టమే, కాదనను. ఆ అదృష్టం ఎక్కడ పండాలో ముందుగా ఏర్పాటు చేసుకునేది మాత్రం ఆడేవాళ్లే. ఏనుగుల్ని నమ్ముకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఏనుగు వెనక్కి తగ్గేటప్పుడు దారిలో మన దళమే ఉన్నా తొక్కేస్తుంది. దాని వెనక ఎవరినీ నిలబెట్టకండి.

ఇక పలక సంగతి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను రెండడుగులకు ఒక అడుగు చొప్పున రెండు ముక్కలు కోయించి, రాణిగంజ్‌లో కొన్న బందులతో కలిపాను. ఎండీఎఫ్ (చెక్కపొట్టును నొక్కి చేసే పలక) చౌక, నున్నగా ఉంటుంది, కానీ మన వానాకాలంలో అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి. ప్లైకి కూడా రెండు వైపులా, నాలుగు అంచులకూ వార్నిష్ కొట్టాలి. ఒక వైపే కొడితే వంగిపోతుంది. పైన పచ్చ ఫెల్ట్ గుడ్డను అతికించలేదు, ఊరికే పరుస్తాను. మధ్యలో మడత గీత కనపడదు, అడుగున చిన్న అట్ట పెడితే గుట్ట తయారవుతుంది, మురికైతే ఉతుక్కోవచ్చు. నదికి నీలం ఫెల్ట్ పట్టీ. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌ను చింపి చిన్న చిన్న చెక్క ముక్కల మీద అంటిస్తే చక్కటి పొదలు. ఇవన్నీ ఒక చిన్న సంచిలో పడతాయి.

బొమ్మల్ని మోయడానికి ప్రతి బేస్ కిందా అయస్కాంతం షీటు అంటించి ఇనప రేకు డబ్బాలో నిలబెడతాను. ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాతో పనైపోతుందని అనుకోకండి, మన వంటింటి స్టీలు డబ్బాలు చాలావాటికి అయస్కాంతం అంటుకోదు. పాత బిస్కెట్ డబ్బా భేషుగ్గా పనికొస్తుంది.

మెట్రోలో కేపీహెచ్‌బీ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఒకటే రైలు, మారే పని లేదు. మడిచిన పలక ఒళ్లో పెట్టుకుంటే పక్కవాళ్లకు తగలదు. స్కానర్ దగ్గర మాత్రం లోహపు బొమ్మలు వరసగా కనిపించేసరికి ఒకసారి ఆపారు. డబ్బా మూత తీశాను. సెక్యూరిటీ ఆయన "ఏంది సార్ ఇవి?" అంటూ వంగి చూసి, ఏనుగు అంబారీ మీది ఎర్ర రంగును వేలితో చూపించి, "ఇది మీరే ఏసిన్రా?" అని అడిగాడు. ఔనన్నాను. వెనక క్యూ పెరుగుతున్నా ఇంకో నిమిషం చూసి పంపించాడు.

లోహపు బొమ్మలు బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే బొమ్మల ధరకు దగ్గరికొస్తుంది. అందుకే ఒక సైన్యం మొత్తానికీ ఒకేసారి ఆర్డర్ పెట్టడం నయం. ఎలాగూ నలభై యాభై బొమ్మలు దాటవు. ఊళ్లోనే రెజిన్‌తో త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు, ముఖాలు కూడా స్పష్టంగా వస్తాయి, కానీ బల్లేలు పుటుక్కున విరుగుతాయి. నేను విరిగిన బల్లేల చోట కొబ్బరి ఈనె కోసి అంటించాను. ఇప్పటిదాకా ఒక్కటీ ఊడలేదు. రంగులకు మామూలు అక్రిలిక్‌లు చాలు. ఎండాకాలంలో పళ్లెంలోనే ఎండిపోతాయి కాబట్టి తడి టిష్యూ మీద బటర్ పేపర్ పరిచి, దాని మీద రంగు కలుపుకోండి.

లోపాల్లో పెద్దది నియమాల భాష. ఒక వాక్యంలో నాలుగు షరతులు ఇరికించి రాస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా రెండుసార్లు చదవాలి. 3.0లో బొమ్మలు గీసి చూపించారు కాబట్టి కొంత నయం. ఆడడం వచ్చినవాళ్లు పక్కన కూర్చుంటే ఒక సాయంత్రంలో పట్టుబడుతుంది, ఒక్కరే పుస్తకం ముందేసుకుంటే విసుగొస్తుంది.

నాకు ఇంకా బాధగా ఉండే విషయం ఇంకోటి. ఇది మైదానంలో జరిగే పోరు మాత్రమే. 1323లో ఓరుగల్లు పడింది ముట్టడిలో. ఆ మట్టికోట, రాతికోట, నెలల తరబడి ఆకలి, ఇవేవీ ఈ పలక మీదికి రావు. కోట బయట ప్రతాపరుద్రుడి సైన్యం ఎదురొచ్చి ఉంటే అని ఊహించుకుని ఆడడమే మా పని. 1565 తళ్లికోట, 1687 గోల్కొండ అయితే కాలం లెక్కలోనే బయటపడిపోతాయి. మన గడ్డ మీద జరిగిన యుద్ధాల కోసమే ఈ ఆటకు వచ్చేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇద్దరు ఉండి, వారానికో గంట దొరికితే కళ్లు మూసుకుని మొదలుపెట్టొచ్చు. నలుగురైదుగురు కలిసి ఆడాలంటే ఇది కాదు. బొమ్మలు కొనే ముందు మాత్రం అట్ట తెచ్చి 40 మిల్లీమీటర్ల వెడల్పుతో పన్నెండు ముక్కలు ఒక వైపుకు, పన్నెండు ఇంకో వైపుకు కోసి, వాటి మీద ఏనుగు, గుర్రం, విల్లు అని రాసుకుని నాలుగాటలు ఆడండి. ఆ అట్ట ముక్కల వరుస చెదిరినప్పుడు మీ గుండె కొట్టుకుంటే అప్పుడు డబ్బు పెట్టండి.