గుంటూరు నుంచి విజయవాడకు ఐసీయూ అంబులెన్సు: ట్యూబు వేయనందుకు మెచ్చుకుంటున్నాను

గత నెల ఒక తెల్లవారుజామున, గుంటూరు బ్రాడీపేటలో మా మామయ్యకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, గురక పెడుతున్నట్లుగా ఊపిరి తీయసాగినప్పుడు పిలిపించిన ప్రైవేటు ఐసీయూ అంబులెన్సు గురించి ఇది రాస్తున్నాను. ఆయనకు ఇదివరకు స్టెంటు వేసిన వైద్యులు విజయవాడలో ఉన్నందున అక్కడికే తీసుకువెళ్లాలని ఇంట్లోవారు నిర్ణయించారు. నేను పదకొండేళ్లుగా ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టర్ల దగ్గర టెక్నీషియనుగా పనిచేస్తున్నాను కనుక, బండిలో ఏముందో, ఏమి లేదో కొంచెం ఎక్కువగానే చూశాను. సంస్థ పేరు రాయడం లేదు. చెప్పబోయే లోపాలు ఆ ఒక్క బండికే పరిమితం కావని నా అనుమానం.

ఫోను చేసిన ఇరవై నిమిషాలకు బండి వచ్చింది. బండితో వచ్చిన ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) కుర్రవాడు ముందుగా మామయ్యను ఎడమ పక్కకు తిప్పి, నోట్లో చేరిన వాంతిని సక్షన్‌తో లాగివేసి, దవడను ముందుకు ఎత్తి పట్టుకున్నాడు. అంతమాత్రానికే గురక సగం తగ్గింది. తరువాత ముక్కులోంచి మెత్తని ఎయిర్‌వే గొట్టం జారవిడిచి ఆక్సిజన్ మాస్కు పెట్టగా, 84 శాతం దగ్గర ఉన్న శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ స్థాయి) 95కి చేరింది. ఆందోళనలో ఉన్న మా బావ, “వెంటిలేటర్ ఉందని బండి మీద రాసుకున్నారు కదా, గొంతులో ట్యూబు వేసెయ్యవయ్యా” అని గద్దించాడు. “పెద్దాయనకు దగ్గు ఇంకా ఉందండీ. మత్తు ఇవ్వకుండా బ్లేడు పెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పత్రిలో డాక్టరుగారు వేస్తారు” అని ఆ కుర్రవాడు నిదానంగానే చెప్పాడు.

ఈ సేవకు నేనిచ్చే మార్కులలో ఎక్కువ భాగం ఆ జవాబుకే. గొంతులో స్పర్శ మిగిలి ఉన్న మనిషికి లారింగోస్కోపు (ఆ కుర్రవాడు చెప్పిన బ్లేడు ఉండే, ట్యూబు వేసేందుకు గొంతు లోపలికి చూపే పరికరం) పెడితే ఓకరింత వస్తుంది, రక్తపోటూ మెదడులో ఒత్తిడీ పెరుగుతాయి. అందుకే థియేటరులో సైతం ముందు ఆక్సిజన్ నింపి, మత్తు మందూ కండరాలను సడలించే మందూ ఇచ్చి, మొదటి ప్రయత్నం తప్పితే ఏమి చేయాలో అనుకున్న తరువాతే ట్యూబు వేస్తారు. మందులు లేకుండా ట్యూబు పోయేది చాలావరకు గుండె ఆగినవారికే. వారి విషయంలోనూ ట్యూబుదే పైచేయి అనడానికి లేదు: ఇంగ్లండులో 9,000 మందికి పైగా రోగులపై జరిపి 2018లో ప్రచురించిన ఎయిర్‌వేస్-2 పరిశోధనలో, శ్వాసనాళంలోకి దిగకుండా స్వరపేటిక పైన కూర్చునే ఐ-జెల్ అనే గొట్టం వాడినవారికీ ట్యూబు వేసినవారికీ కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ బండిలో 3, 4, 5 సైజుల ఐ-జెల్‌లు సీలు విప్పకుండా సిద్ధంగా ఉన్నాయి.

ఇక లోపాలు. మానిటరుకు కాప్నోగ్రాఫ్ (వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలిచి గీతగా చూపేది) తగిలించే చోటు ఉంది కానీ సెన్సారు లేదు. అడిగితే ఆఫీసులో ఉందన్నారు. ట్యూబు శ్వాసనాళంలోకి వెళ్లిందా, అన్నవాహికలోకి వెళ్లిందా అన్నది నమ్మకంగా తెలిపేది ఆ గీతే. కుదిపే బండిలో స్టెతస్కోపును నమ్ముకోలేము. అమెరికాలోని ఓర్లాండోలో చేసి 2001లో ప్రచురించిన పరిశీలనలో, దారిలోనే ట్యూబు వేయించుకుని ఆస్పత్రికి చేరిన 108 మందిలో 27 మందికి అది ఉండవలసిన చోట లేదు. సెన్సారును ఆఫీసులో దాచుకునేవారు బండి మీద వెంటిలేటర్ బొమ్మ వేయించుకోవడం నాకు మింగుడు పడలేదు. సక్షన్ యంత్రం బ్యాటరీ కూడా కాజ టోల్‌ప్లాజా రాకముందే మూలిగి ఆగిపోయింది. చేత్తో నొక్కే పంపు ఉండబట్టి గడిచింది.

విజయవాడ క్యాజువాల్టీలో మత్తు డాక్టరు మందులిచ్చి, వీడియో లారింగోస్కోపుతో ఒకే ప్రయత్నంలో ట్యూబు వేశారు. మామయ్యకు ఇప్పుడు ఫిజియోథెరపీ జరుగుతోంది.

బిల్లు 7,500 రూపాయలు. అందులో 1,500 వెంటిలేటర్ చార్జీ అట, దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ప్యాకేజీ అన్నారు, రెండోసారి అడిగాక తగ్గించారు. ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నాను. మళ్లీ పిలవవలసి వస్తే, సెన్సారు బండిలోకి ఎక్కించారో లేదో ఫోనులోనే అడుగుతాను.