ఔట్‌బోర్డ్ మోటారు: వాడకం సరే, దాచడం ఎలా?

సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లో చేపల వేటకు పడవ వెనుక బిగించే ఈ ఔట్‌బోర్డ్ మోటారును కొన్నేళ్లుగా వాడుతున్నాను. రెండు స్ట్రోకులది, 15 హార్స్ పవర్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. వలలతో పడవ నిండినా ఎదురుగాలికి జంకదు. పెట్రోలు బాగా తాగుతుంది, పొగ కూడా ఎక్కువే. అంతకు మించి నడకలో ఫిర్యాదు లేదు. దీని మంచిచెడ్డలు బయటపడేది గట్టు మీద ఊరికే ఉండే నెలల తర్వాతే.

దీనితో వచ్చిన పుస్తకంలో మోటారును దాచడం గురించిన అధ్యాయం చలిదేశాల వారి కోసం రాసినట్టుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. గేరు పెట్టెలో చిక్కుకున్న నీరు అల్యూమినియం డొక్కను చీల్చేస్తుంది. దాల్ సరస్సు మీద పడవ నడిపేవారికి ఆ భయం ఉండాల్సిందే. కర్నూలు చలి ఆ దరిదాపులకు రాదు. ఇక్కడ నేను మోటారు విప్పేది వేసవిలో. 885 అడుగుల నిండు మట్టం నుంచి జలాశయం బాగా దిగి, సంగమేశ్వరాలయం బయటపడ్డాక, 36 కిలోల బరువును ఆ బురదలో రోజూ ఎవరు మోస్తారు?

మంచు లేదు కదా అని ఆ అధ్యాయం మొత్తం వదిలేయకూడదు. అందులోని గేరు ఆయిల్ పని మనకూ అంతే అవసరం. ఈ నీళ్లలో తెగిన వలల నైలాను దారం ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది. అది ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకుని నీరు లోపలికి రాకుండా ఆపే ఆయిల్ సీలును కోసేస్తుంది. లోపలికి చేరిన నీరు కశ్మీరులో అయితే డొక్కను పగలగొడుతుంది, ఇక్కడైతే బేరింగులను, గేర్లను తుప్పు పట్టిస్తుంది. అందుకే ప్రొపెల్లర్ విప్పి దారం తీసేస్తాను. మోటారును ఒక రాత్రి నిలువుగా ఉంచి మర్నాడు గేరు పెట్టె కింది మర వదులు చేస్తాను. నీరుంటే ముందు అదే కారుతుంది. ఆయిల్ పాలరంగులో వచ్చిందా, సీలు మార్చాల్సిందే. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పై రంధ్రంలోంచి పొంగాక ముందు పై మర బిగించి, తర్వాత కిందిది. ఆ రెండు మరలకూ కొత్త వాషర్లు వేయండి. అక్కడ పిసినారితనం వద్దు.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది, తేమను పీల్చుకుంటుంది. పైగా పెట్రోలు ఆవిరైతే అందులో కలిపిన ఆయిల్ జిగురుగా కార్బురేటర్‌లో మిగులుతుంది. మోటారును నీళ్ల డ్రమ్ములో దించి, నడుస్తుండగా పెట్రోలు గొట్టం ఊడదీసి, తనంతట తాను ఆగే వరకు వదిలేస్తాను. డ్రమ్ము లేకుండా మాత్రం స్టార్ట్ చేయవద్దు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ పొడిగా తిరిగితే చాలా త్వరగా పాడవుతుంది. తర్వాత స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి, తాడు మెల్లగా లాగుతాను.

పడుకోబెట్టడం కంటే స్టాండు మీద నిలువుగా, నీడలో ఉంచడం మేలు. మిగిలిన నీరు దానంతటదే దిగిపోతుంది. ఎలుకలకు పెట్రోలు గొట్టం అందకుండా చూసుకోండి.

నా వరకు ఇది కొనదగ్గ మోటారే. అయితే విడిభాగాలు నాకు కర్నూలులో దొరకలేదు, బయటినుంచి తెప్పించుకోవాల్సి వస్తోంది. కొనేటప్పుడే ఆయిల్ సీళ్లు, ఇంపెల్లర్ ఒక జత అదనంగా తీసుకోండి.