జనరేషన్ ఎక్స్, జస్టిస్ లీగ్: రెండు పైలట్లలో ఏది నయం?

1996లో అమెరికా టీవీ ఛానెల్ ఫాక్స్‌లో వచ్చిన ‘జనరేషన్ ఎక్స్’, 1997లో మరో ఛానెల్ సీబీఎస్ కోసం తీసినా అమెరికాలో ప్రసారమే కాని ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’. రెండూ సూపర్‌హీరో టీవీ సిరీస్‌లకు నమూనాగా తీసిన పైలట్ సినిమాలే, సిరీస్ దాకా వెళ్లలేదు.

జస్టిస్ లీగ్‌లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ లేరు. హీరోలు కెమెరా ముందు కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు, మెరుపు వేగంతో పరిగెత్తే ఫ్లాష్‌కైతే ఉద్యోగమే లేదు. ఆలోచన మంచిదే. కానీ పచ్చరంగు పూసుకున్న అంగారక గ్రహపు హీరో మార్షియన్ మ్యాన్‌హంటర్ కనబడగానే నమ్మకం పోతుంది.

జనరేషన్ ఎక్స్‌కీ డబ్బుకు కటకటే. ముఖం కింది సగం మంటల్లా ఎగసే ‘చాంబర్’ అనే కామిక్స్ హీరోని చూపించే ఖర్చు భరించలేక, కండబలమున్న బఫ్ లాంటి కొత్త పాత్రల్ని పెట్టారు. అయినా ఇందులో వింత శక్తులున్న పిల్లల బెరుకు, కోపం నిజమనిపిస్తాయి. వాళ్ల బడిగా చూపించిన కెనడాలోని హాట్లీ కాజిల్‌నే తర్వాత ఎక్స్-మెన్ సినిమాలూ వాడుకున్నాయి. నా ఓటు దీనికే.