అమెరికాలో ఆర్కిటెక్ట్ లైసెన్స్: పరీక్షలకు నాలుగు, కాగితాలకు రెండు

హైదరాబాద్‌లో బీఆర్క్ చదివి, డాలస్‌లో ఉద్యోగం చేస్తూ టెక్సాస్ లైసెన్స్ తెచ్చుకున్నాను. తర్వాత కాలిఫోర్నియాది కూడా తీసుకున్నాను. ఏళ్లుగా డ్రాయింగుల మీద సీల్ వేస్తున్నాను కాబట్టి ఈ వ్యవస్థకు మార్కులు వేసే హక్కు వచ్చిందనుకుంటా. పరీక్షలకు ఐదులో నాలుగు ఇస్తాను. వాటి చుట్టూ ఉన్న కాగితాల పనికి రెండు ఇవ్వడమే ఎక్కువ.

మన దేశంలో ఐదేళ్ల బీఆర్క్ పూర్తి చేసి, 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఆర్కిటెక్ట్ అయిపోయినట్టే. ఇంకో పరీక్ష ఉండదు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో డిగ్రీ, అనుభవం, పరీక్ష మూడూ కావాలి. మన చదువు, అనుభవాల రికార్డు ఉంచేదీ పరీక్ష పెట్టేదీ ఎన్‌కార్బ్ అనే జాతీయ సంస్థ. లైసెన్స్ ఇచ్చేది మాత్రం రాష్ట్ర బోర్డు. ఈ తేడా తెలియక చాలామంది ఎన్‌కార్బ్‌లో అకౌంట్ తెరిచి, పని సగం అయిపోయిందనుకుంటారు.

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది డిగ్రీ దగ్గరే. ఇక్కడికొచ్చి ఎం.ఎస్. ఇన్ ఆర్కిటెక్చర్ చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఆర్కిటెక్చర్ కోర్సులను పరిశీలించే ఎన్‌ఏఏబీ అనే సంస్థ గుర్తింపు ఇచ్చేది బీఆర్క్, ఎంఆర్క్, డీఆర్క్ కోర్సులకే. అడ్మిషన్ లెటర్ చూసి మురిసిపోయే ముందు ఆ జాబితాలో మీ కోర్సు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈఈఎస్‌ఏ అనే మదింపుకి వెళ్లాలి. మన బీఆర్క్‌లో ఏ సబ్జెక్టు ఎంత చదివామో వాళ్లు ఇక్కడి ప్రమాణంతో పోల్చి చూస్తారు. డిజైన్, స్ట్రక్చర్స్ లాంటి వాటితో పెద్దగా ఇబ్బంది రాదు. ఇంగ్లీష్, హ్యుమానిటీస్ లాంటి సాధారణ విద్య దగ్గర కోత పడుతుంది. నేను ఆ లోటుని ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకెళ్లి పూడ్చుకున్నాను. పదేళ్ల కింద చదివిన సబ్జెక్టుల సిలబస్ కాపీలు కావాలంటే మా కాలేజీ ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు. మా బావమరిది దగ్గరుండి తిరగబట్టి పని అయింది. ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్లు ఆ సిలబస్ పుస్తకాన్ని ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోవడం మేలు.

ఇక ఏఎక్స్‌పీ, అంటే ఉద్యోగంలో వచ్చిన అనుభవాన్ని గంటల్లో లెక్కగట్టే ఎన్‌కార్బ్ పద్ధతి. ఆరు విభాగాల్లో కలిపి 3,740 గంటల అనుభవం చూపించాలి. అందులో డాక్యుమెంటేషన్ ఒక్కదానికే 1,520 గంటలు, ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్‌కి 160. డాక్యుమెంటేషన్ గంటలు వద్దన్నా వస్తాయి, ఎందుకంటే కొత్తవాళ్ల చేత రోజంతా రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టాయిలెట్ డీటెయిల్సే గీయిస్తారు. కన్‌స్ట్రక్షన్ విభాగం గంటల కోసం మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే: నన్ను సైటుకి తీసుకెళ్లండి, సబ్‌మిటల్స్ (కాంట్రాక్టర్ ఆమోదం కోసం పంపే సామగ్రి వివరాలు) చూడనివ్వండి, ఆర్‌ఎఫ్‌ఐలకు (కాంట్రాక్టర్ రాసి పంపే సందేహాలు) జవాబులు నన్ను రాయనివ్వండి అని. చేసిన పనిని 8 నెలల్లోపు నమోదు చేస్తే పూర్తి గంటలు లెక్కలోకి వస్తాయి. అది దాటితే 5 ఏళ్ల వరకు సగమే. పైగా ప్రతి రిపోర్టునీ సూపర్‌వైజర్ ఆమోదించాలి. నేను ఒక కంపెనీ మానేశాక అక్కడి పాత బాస్ నెలల తరబడి ఆ బటన్ నొక్కలేదు. ఆ టెన్షన్ ముందు పరీక్ష టెన్షన్ ఎంత! అందుకే ఉద్యోగంలో చేరిన వారమే రికార్డు తెరవండి, రాజీనామా ఇచ్చే ముందు గంటలన్నీ ఆమోదం చేయించుకోండి.

ఎన్‌కార్బ్ పెట్టే లైసెన్స్ పరీక్ష పేరు ఏఆర్‌ఈ 5.0. అందులో ఆరు పేపర్లు. నేను రాసినప్పుడు ఒక్కోదానికి ఫీజు 235 డాలర్లు. ఫెయిలైతే అదే పేపర్ మళ్లీ రాయడానికి 60 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి. కొన్ని పేపర్లలో రాసినవాళ్లలో దాదాపు సగం మందే గట్టెక్కుతారు. మనవాళ్లకి నా సలహా, ప్లానింగ్ పేపర్లతో మొదలుపెట్టకండి. ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంఘం) నమూనా కాంట్రాక్టులు బీ101 (యజమానికీ ఆర్కిటెక్టుకీ మధ్య ఒప్పందం), ఏ201 (నిర్మాణానికి సాధారణ షరతులు) క్షుణ్ణంగా చదివి ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, కన్‌స్ట్రక్షన్ అండ్ ఇవాల్యుయేషన్ వరసగా రాసేయండి. అదే సరుకు మూడింటికీ పనికొస్తుంది. మన కాలేజీల్లో ఎవరూ నేర్పని విషయం కూడా అదే. కాంట్రాక్టర్ గడువు పెంచమంటే ఎవరు నిర్ణయించాలి, సైటు భద్రత ఎవరి బాధ్యత, చేంజ్ ఆర్డర్ (నిర్మాణ ఒప్పందంలో మార్పు పత్రం) మీద ఎవరెవరు సంతకం పెట్టాలి... ఇవన్నీ నేను ఈనాటికీ వారం వారం వాడుతున్నాను. ఆ నాలుగు మార్కులు ఇందుకే.

పరీక్షలో అందం గురించి దాదాపు ఏమీ అడగరని కొందరు నొచ్చుకుంటారు. అడగకపోవడమే సబబు, లైసెన్స్ ఉన్నది జనం భద్రత కోసం. టెక్సాస్ బోర్డు పుట్టింది 1937లో. ఆ ఏడాది మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్లో గ్యాస్ లీకై స్కూలు పేలిపోయి దాదాపు 300 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. చట్టం వచ్చింది దాని తర్వాతే.

ఒక మంచి మార్పు చెప్పాలి. పాసైన పేపర్ ఐదేళ్లకే చెల్లకుండా పోయే పాత నిబంధన 2023లో తీసేశారు. పిల్లల్ని పెంచుతూ రాసే తల్లులకు అది పెద్ద ఊరట. కాలిఫోర్నియాలో మాత్రం వేరే రాష్ట్రం లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా అదనంగా రాష్ట్ర పరీక్ష రాయాలి. భూకంపాలు, పర్యావరణ చట్టాలు, అక్కడి కోడ్‌లు బాగా అడుగుతారు.

లైసెన్స్ వచ్చాక టెక్సాస్‌లో ఏటా 12 గంటల నిరంతర విద్య తప్పనిసరి. వెబినార్లలో చాలావరకు కిటికీల కంపెనీల ప్రకటనల్లాగే ఉంటాయి, నిద్రొస్తుంది. దివ్యాంగుల సౌకర్యాల మీద పెట్టే గంట మాత్రం నిజంగా పనికొస్తుంది.

అందరికీ ఇది అవసరమా? టెక్సాస్‌లో సొంతిల్లు డిజైన్ చేయడానికి లైసెన్స్ అక్కర్లేదు. రెండంతస్తులు, 20,000 చదరపు అడుగులు దాటని చిన్న కమర్షియల్ భవనాలకూ చట్టం మినహాయింపు ఇస్తుంది. మీ పేరు మీద ఆఫీసు పెట్టుకోవాలన్నా, పెద్ద ప్రాజెక్టులకు సీల్ వేయాలన్నా మాత్రం వేరే దారి లేదు.

లైసెన్స్ వచ్చిందని తెలియగానే ఫోన్లు కూడా మొదలవుతాయి. "అన్నా, డ్రాయింగులు హైదరాబాద్‌లో గీయించేశాం, నువ్వు ఒక్క స్టాంప్ వేసిపెట్టు, ఫీజు ఇస్తాం" అంటారు. నా పర్యవేక్షణలో తయారుకాని డ్రాయింగుల మీద సీల్ వేయడం చట్టరీత్యా నేరం, బోర్డు లైసెన్స్ లాగేసుకోవచ్చు. కావాలంటే మొదటి స్కెచ్ నుంచీ నేనే చేస్తానని చెబుతాను. సగం మంది మళ్లీ ఫోన్ చేయరు. మిగతా సగం మంది బేరం మొదలుపెడతారు.